మా గౌరికి అవిసె గింజలు: 22 నెలల వాడకం తర్వాత

గౌరి మాకున్న ఒకే ఒక్క గుర్రం. గోధుమరంగు ఆడగుర్రం, పదో ఏడు నడుస్తోంది. విజయనగరంలో పెళ్ళి ఊరేగింపులకి తిప్పుతాం. మా నాన్న జట్కా తోలేవారు. జట్కా పోయింది గానీ గుర్రాన్ని వదులుకోలేకపోయాం. పెళ్ళి గుర్రానికి నడక ఎలా ఉన్నా ఒళ్ళు మెరవాలి, ఫొటోలో పడేది అదే.

అలాంటిది రెండేళ్ళ కిందట ఎండాకాలం మొదట్లో దాని ఒళ్ళు చూస్తే నాకే సిగ్గేసేది. డొక్క మీద చెయ్యి వేసి వెనక్కి రాస్తే అరచేతి నిండా తెల్లటి పొట్టు, చుండ్రులా. వెంట్రుక పట్టుకుంటే గోనెపట్టా పట్టుకున్నట్టు గరుకు. జూలు కొసలు ఎండకి ఎర్రబారిపోయాయి. గడ్డి మోపు తెచ్చే ముసలాయన మొహం మీదే అనేశాడు, "ఏటి బావూ, గుర్రానికి సున్నం కొట్టించినావేటి?" అని.

ముందు పైపై వైద్యాలే చేశాను. కొబ్బరినూనె పట్టిస్తే గంటసేపు నిగనిగలాడింది, తర్వాత రోడ్డు మీది దుమ్మంతా దానికే అంటుకుంది. ఆన్‌లైన్‌లో ఒక మెరుపు స్ప్రే తెప్పించాను. మెరుపు వచ్చిన మాట నిజమే. కానీ అందులో ఉండేది సిలికాన్, చర్మానికి చేసేదేమీ లేదు, వెంట్రుకని నున్నగా చేస్తుందంతే. ఆ సంగతి తెలియక వీపు మీద కూడా కొట్టేశాను. ఊరేగింపు మధ్యలో జీను పక్కకి జారి, పెళ్ళికొడుకు తలపాగాతో సహా బావమరిది భుజం మీద వాలాడు. దెబ్బ తగల్లేదు కాబట్టి సరిపోయింది. ఆ సీసా ఇంకా అటక మీదే ఉంది, ఎవరికైనా కావాలంటే తోకకి మాత్రం వాడుకోండి.

తర్వాత పశువుల డాక్టరు గారికి చూపించాను. మొదట చెయ్యాల్సిన పని అదేనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన చర్మం గీకి చూసి గజ్జి లేదన్నారు, జూలు కింద వెతికి పేలు లేవన్నారు. పళ్ళు చూశారు. నులిపురుగుల మందు బరువుని బట్టి ఇవ్వాలి, బరువెంత అని అడిగితే నేను నీళ్ళు నమిలాను. టేపు తీసుకుని ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ కొలిస్తే 155 సెంటీమీటర్లు, భుజం మొన నుంచి పిర్ర చివరి దాకా 150. ఛాతీ కొలతని దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే 303 కిలోలు తేలింది. నేను ఎప్పుడూ 400 అనుకునేవాణ్ణి.

"ఏం పెడుతున్నారు?" అన్నారు. ఉడికించిన ఉలవలు, తవుడు, వరిగడ్డి అన్నాను. ఉలవలు మంచివేగానీ వాటిలో నూనె తక్కువట. వరిగడ్డి కడుపు నింపుతుందిగానీ అందులో సారం అంతంతమాత్రం. పచ్చిగడ్డిలో ఉండే ఒమేగా-3 కొవ్వు గడ్డి ఎండేసరికి చాలావరకు పోతుంది. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ, అదే పనిగా పెడితే గుర్రం ఎముకలకి చేటు. తవుడు తగ్గించి, ఒమేగా-3 దండిగా ఉండే అవిసె గింజలు పెట్టమన్నారు.

ఇక్కడో తమాషా. అవిసె తెమ్మని మా మేనల్లుణ్ణి పంపితే వాడు అవిసాకు కట్ట పట్టుకొచ్చాడు. పేరు ఒకటేగానీ అది వేరే చెట్టు ఆకు. గౌరి ఇష్టంగానే నమిలింది. గింజలు మర్నాడు నేనే వెళ్ళి తెచ్చుకున్నాను.

గింజ గింజలా పెడితే చాలావరకు పేడలో అలాగే కనిపిస్తుంది, నేను చూశాను. పొడి చెయ్యాల్సిందే. నీళ్ళలో నానబెట్టి మాత్రం వదిలెయ్యకండి. అవిసె గింజలో విషం పుట్టించే పదార్థం కొద్దిగా ఉంటుంది, చల్లటి నీళ్ళలో నానితే అది బయటపడుతుంది. పాతకాలం వాళ్ళు బాగా మరగనిచ్చి గంజిలా చేసి పెట్టింది అందుకే. నీళ్ళు తగలకుండా పొడి చేసి వెంటనే దాణాలో కలిపితే ఇబ్బంది లేదు. మొదట్లో ఇంట్లో మిక్సీ వాడాను. మా ఆవిడ మూడు రోజులు ఓర్చుకుని, "ఏమండీ, చట్నీ గుర్రం వాసన వస్తోంది, దానికి వేరే జారు కొనండి" అంది. కొన్నాను.

ఒకసారి బద్ధకించి ఒక కొట్లో తయారు పొడి కొన్నాను. గౌరి మూతి పెట్టి, పై పెదవి పైకి మడిచి, తొట్టి నెట్టేసింది. వాసన చూస్తే పాత రంగు డబ్బా మూత తీసినట్టుంది. మన తీరం గాలికి ఈ పొడి త్వరగా ముక్కిపోతుంది. అప్పటి నుంచి ఏ పూటకి ఆ పూటే.

గుర్రానికి పిత్తాశయం ఉండదు, కొవ్వు ఒక్కసారిగా పెంచకూడదు. రోజుకి 20 గ్రాములతో మొదలుపెట్టి మూడు వారాల్లో 100కి వచ్చాను. మధ్యలో తొందరపడి రెట్టింపు చేస్తే రెండు రోజులు పేడ పల్చబడింది. నెలకి మూడు కిలోలు పడుతుంది, మా దగ్గర 450 రూపాయల దాకా అవుతోంది. స్ప్రే సీసా కంటే తక్కువే.

పొట్టు రాలడం నెల తిరిగేసరికి సగానికి తగ్గింది. మెరుపు రావడానికి మాత్రం రెండున్నర నెలలు పట్టింది. అప్పటికే ఉన్న వెంట్రుక ప్రాణం లేనిది, తిండి దాన్ని బాగుచెయ్యలేదు. పాతది రాలి కొత్తది రావాలి. వారంలో మెరుస్తుందని చెప్పేవాళ్ళని నమ్మకండి.

అయితే ఘనతంతా అవిసెకే ఇస్తే అన్యాయం. అంతకుముందు పెళ్ళిళ్ళ సీజనులో ప్రతి ఊరేగింపుకీ బట్టల సబ్బుతో రుద్ది కడిగేవాణ్ణి. చర్మంలో సహజంగా ఊరే నూనెని నేనే కడిగి పారబోశానన్నమాట. ఇప్పుడు చెమట పోవడానికి ఉత్త నీళ్ళు, నెలకోసారి పల్చటి షాంపూ, అంతే. రోజూ పావుగంట రబ్బరు బ్రష్‌తో గుండ్రంగా రుద్ది, గట్టి బ్రష్‌తో దులిపి, చివర్లో నాన్నగారి పాత పంచె ముక్కతో తుడుస్తాను. మొదట్లో గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నట్టే అనిపించింది. ఇప్పుడు తుడిచాక ఆ గుడ్డకి జిడ్డు అంటుతుంది, అది చూస్తే తృప్తి.

పోయిన వేసవిలో డబ్బు ఇబ్బందై రెండు నెలలు అవిసె ఆపాను, బ్రష్ ఆపలేదు. మెరుపు పెద్దగా తగ్గలేదుగానీ మెడ దగ్గర మళ్ళీ పొట్టు లేచింది, మెత్తదనం పోయింది. కాబట్టి నా లెక్కలో మెరుపు బ్రష్‌ది, మెత్తదనం అవిసెది. వానలు పడ్డాక పచ్చిగడ్డి పుష్కలం. ఆ మూడు నెలలు 50 గ్రాములే పెడతాను, తేడా కనిపించలేదు. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను.

ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానంటే, వానాకాలం దురద. చీకటి పడే వేళ సన్నటి దోమలాంటి పురుగులు కుడితే గౌరి తోక మొదలు గోడకేసి రాసుకుని పుండు చేసుకుంటుంది. అవిసె దానికి పనిచెయ్యలేదు. సాయంత్రం కాకముందే లోపల కట్టి ఫ్యాను పెడితే తగ్గింది. ఆ పురుగులు గాలికి నిలవలేవు.

ఒళ్ళు చెయ్యాలని కొందరు కోళ్ళ దాణా కలుపుతారు, దయచేసి ఆ పని చెయ్యకండి. వాటిలో కొన్నింట్లో మోనెన్సిన్ అనే మందు ఉంటుంది. కోడికి ఏమీ కాదుగానీ గుర్రం గుండె దెబ్బతిని చచ్చిపోతుంది.

ఈ నెల సంచి అడుగుకి వచ్చింది. రేపు గంటస్తంభం దగ్గరికి మేనల్లుణ్ణే పంపాలి, నాకు ఊరేగింపు ఉంది. గింజలు, గింజలు అని రెండుసార్లు చెప్పాను. వాడు అవిసాకు తెచ్చినా కాదనని ప్రాణి ఇంట్లో ఒకటుంది.