‘అడ్మిషన్ గ్యారంటీ’ ప్యాకేజీ కొనే ముందు: ఒక జాగ్రత్త హెచ్చరిక

అమెరికాలో ఎంఎస్‌కు గానీ పీహెచ్‌డీకి గానీ దరఖాస్తు చేసుకునే ప్రయత్నంలో ఉండి, ‘అడ్మిషన్ గ్యారంటీ’ అనే ప్యాకేజీకి డబ్బు కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ దయచేసి దీన్ని పూర్తిగా చదవండి. మా తమ్ముడి కోసం మా కుటుంబం ఒక కన్సల్టెన్సీ దగ్గర అలాంటి ప్యాకేజీ తీసుకుంది. దరఖాస్తుల కాలం ముగిసేసరికి డబ్బు పోవడమే కాక, వాడికి దక్కే అవకాశం ఉన్న ఒక పీహెచ్‌డీ ఇంటర్వ్యూ కూడా చేజారింది. ఆ సంస్థ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచే సంస్థలు ఇంకా ఉన్నాయి కాబట్టి, ఒక పేరు తెలుసుకోవడం కన్నా ఆ పద్ధతిని గుర్తుపట్టగలగడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ముందుగా ఒప్పంద పత్రం సంగతి చెప్పాలి. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘నూటికి నూరు శాతం అడ్మిషన్, లేదా పూర్తి డబ్బు వాపసు’ అని ఉంది. లోపలి పేజీలో చిన్న అక్షరాలతో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ‘అడ్మిషన్’ అంటే, సంస్థ తయారు చేసిన జాబితాలోని ఏ విద్యాసంస్థ నుంచైనా, ఏ కోర్సులోనైనా, షరతులతో కూడినదైనా సరే, అందిన ఆఫర్ లెటర్. డబ్బు వాపసు కోరాలంటే విద్యార్థి ఆ జాబితాలోని ప్రతి సంస్థకూ దరఖాస్తు చేసి, ప్రతి చోటా తిరస్కరణ లేఖ అందుకొని, వాటన్నిటినీ గడువులోపల సమర్పించాలి. ఒక్క దరఖాస్తు మానేసినా వాపసు హక్కు ఉండదు. జాబితా చివరన కనీస అర్హతలున్న దాదాపు అందరికీ సీటిచ్చే కళాశాలలు కొన్ని చేర్చి ఉన్నాయి. అంటే ఆ హామీ ఎన్నటికీ విఫలం కాకుండా ముందే కట్టుదిట్టం చేసుకున్నారు. మా తమ్ముడు మెటీరియల్స్ సైన్స్‌లో పరిశోధన చేయాలనుకున్నాడు. ‘మీ అడ్మిషన్ వచ్చింది’ అంటూ వారు పంపిన లేఖ మేనేజ్‌మెంట్‌కు సంబంధించిన ఒక సాధారణ మాస్టర్స్ కోర్సుది. ఒప్పందం ప్రకారం తమ బాధ్యత తీరిపోయిందని వారు లిఖితపూర్వకంగా చెప్పారు.

అసలు ఈ ప్రక్రియలో హామీ ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదన్న విషయం ముందే అర్థం చేసుకుంటే, అలాంటి మాట విన్నప్పుడే అనుమానం రావాలి. మన దగ్గరి డిగ్రీ స్థాయి ప్రవేశాల మాదిరిగా అమెరికాలో గ్రాడ్యుయేట్ (ఎంఎస్, పీహెచ్‌డీ) ప్రవేశాలను ఒక కేంద్ర కార్యాలయం మార్కుల క్రమంలో నిర్ణయించదు; చాలా చోట్ల ఆ విభాగంలోని ఆచార్యుల కమిటీ ఒక్కొక్క దరఖాస్తునూ చదివి నిర్ణయిస్తుంది. సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీలలో సాధారణంగా ట్యూషన్ ఫీజు మినహాయింపూ నెలసరి భృతీ కలిసి వస్తాయి కాబట్టి, ప్రతి సీటు వెనుకా కొన్నేళ్లపాటు ఎవరో ఒకరు భరించాల్సిన ఖర్చు ఉంటుంది. మీరు పని చేయాలనుకున్న ఆచార్యుడికి ఆ ఏడాది పరిశోధన గ్రాంటు వచ్చిందా లేదా, ఆయన సెలవుపై వెళ్తున్నారా, పదవీ విరమణకు దగ్గరలో ఉన్నారా, గత ఏడాది అనుకున్నదానికన్నా ఎక్కువ మంది విద్యార్థులు చేరి ఈ ఏడాది సీట్లు తగ్గాయా అన్న సంగతులు ఎంత మంచి దరఖాస్తులోనూ కనిపించవు, ఏ కన్సల్టెన్సీకీ తెలియవు. 2025 ఆరంభంలో అమెరికా ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ పరిశోధన నిధులపై అనిశ్చితి ఏర్పడినప్పుడు యూనివర్సిటీ ఆఫ్ పిట్స్‌బర్గ్ పీహెచ్‌డీ ప్రవేశాలను కొంతకాలం నిలిపివేసింది. యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ అప్పటికే ఇచ్చిన ఆఫర్లను కూడా వెనక్కి తీసుకుంది. విశ్వవిద్యాలయమే తన మాట నిలుపుకోలేకపోయిన పరిస్థితిలో, మధ్యలో ఉన్న ఒక ఏజెంటు ఇచ్చే గ్యారంటీకి ఆధారం ఎక్కడుంది?

ఇక మాకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన విషయం. దరఖాస్తుల కోసం ‘ప్రత్యేకంగా’ ఒక ఈమెయిల్ ఖాతాను సంస్థే తెరిచింది. దాని పాస్‌వర్డ్ వారి దగ్గరే ఉంది, రికవరీ ఫోన్ నంబరు కూడా వారిదే. ముఖ్యమైన ఉత్తరాలు వచ్చిన వెంటనే తెలియజేస్తామని, విద్యార్థి పొరపాటున ఏదీ చెరిపేయకుండా ఉండేందుకే ఈ ఏర్పాటని చెప్పారు. పీహెచ్‌డీ కార్యక్రమాలు చాలావరకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇంటర్వ్యూలకు పిలుస్తాయి. తమ్ముడు ఎంతో ఆశ పెట్టుకున్న విభాగం నుంచి ఒక ఆచార్యుడు స్వయంగా రాశారు. వాడి ప్రాజెక్టు రిపోర్టులోని ఒక ప్రయోగం గురించి మాట్లాడాలని ఉందని, ఇచ్చిన సమయాల్లో ఏది వీలవుతుందో వారంలోగా చెప్పమని ఆ ఉత్తరంలో ఉంది. ఎవరో దాన్ని తెరిచి చదివినట్టు ఖాతాలో కనిపించింది, జవాబు మాత్రం పంపలేదు. ఎన్నో అభ్యర్థనల తర్వాత పాస్‌వర్డ్ చేతికి వచ్చి తమ్ముడు ఆ ఉత్తరాన్ని చూసేసరికి ఆ వారం ఎప్పుడో గడిచిపోయింది. ఆలస్యానికి క్షమాపణ చెబుతూ రాశాడు. ఆ విడత ఇంటర్వ్యూలు పూర్తయ్యాయని ఆచార్యుడు మర్యాదగానే జవాబిచ్చారు. ఇంటర్వ్యూ జరిగినా సీటు వచ్చేదని నేను చెప్పలేను, కానీ ఆ ప్రయత్నం చేసే హక్కు వాడిది. కాబట్టి ఎంత నమ్మకమైన సంస్థ అయినా సరే, దరఖాస్తుకు వాడే ఈమెయిల్, ప్రతి విశ్వవిద్యాలయం పోర్టల్ లాగిన్, జీఆర్‌ఈ (గ్రాడ్యుయేట్ ప్రవేశ పరీక్ష), టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) ఖాతాలు మీ పేరుతో, మీ ఫోన్ నంబరుతో, మీ చేతిలోనే ఉండాలి. దీనికి ఒప్పుకోని సంస్థతో మాట్లాడటం అక్కడితో ఆపేయండి.

సిఫారసు లేఖల విషయంలో వారు ఇచ్చిన సలహా ఇంకా ప్రమాదకరమైనది. ప్రొఫెసర్లను ఇబ్బంది పెట్టనవసరం లేదని, వారి పేర్లతో ఉచిత ఈమెయిల్ ఖాతాలు తెరిచి ఆ లేఖలు (ఎల్‌ఓఆర్‌లు) తామే రాసి అప్‌లోడ్ చేస్తామని చెప్పారు. తమ్ముడు ఒప్పుకోలేదు, తన ప్రొఫెసర్ల అధికారిక చిరునామాలే ఇచ్చాడు. ఇది చిన్న విషయంగా అనుకోవద్దు. అమెరికా విశ్వవిద్యాలయాల దరఖాస్తుల్లో సిఫారసు చేసేవారికి లింకు నేరుగా వెళుతుంది. విద్యార్థుల రికార్డుల గోప్యతకు సంబంధించిన 1974 నాటి ఫెర్పా చట్టం కింద, చేరిన తర్వాత ఆ లేఖను చూసే హక్కును వదులుకుంటారా అని దరఖాస్తులో మిమ్మల్ని అడుగుతారు. చాలామంది వదులుకుంటారు, అప్పుడు ఆ లేఖ గోప్యంగా ఉంటుంది. అలాంటప్పుడు ‘మీ ఎల్‌ఓఆర్‌లు ఇవిగో, బాగున్నాయా చూసుకోండి’ అని ఒక కన్సల్టెన్సీ మీకు చూపిస్తోందంటే, వాటిని రాసింది మీ ప్రొఫెసరు కాదని వేరే చెప్పనక్కరలేదు. దరఖాస్తు చివర అంతా నిజమని, తన సొంత రాత అని సంతకం చేసేది విద్యార్థే. మోసం బయటపడితే ఆఫర్ రద్దవుతుంది. చేరిన తర్వాత తెలిస్తే బయటికి పంపే అవకాశమూ ఉంది. నకిలీ పత్రాలు వీసా అధికారి ముందుకు వెళ్తే నష్టం మరీ పెద్దది, ఎందుకంటే ముఖ్యమైన విషయంలో కావాలని తప్పు సమాచారం ఇచ్చినవారిని అమెరికా వలస చట్టం జీవితాంతం అనర్హులుగా పరిగణించగలదు. ఆ రోజు సలహా ఇచ్చినవారు మీ పక్కన ఉండరు.

ఎస్‌ఓపీ (ఈ చదువు ఎందుకు ఎంచుకున్నారో విద్యార్థి వివరించే వ్యాసం) విషయంలో కూడా ఇదే ధోరణి. వారు ‘తయారు చేసిన’ ఎస్‌ఓపీని తమ్ముడు తన స్నేహితుడి ఎస్‌ఓపీతో పోల్చి చూస్తే, బాల్యంలో విజ్ఞానశాస్త్రంపై ఆసక్తి కలిగిన సందర్భం సహా మొదటి పేరా మొత్తం ఒక్కటే. ఇద్దరూ వేర్వేరు శాఖలవారు.

జీఆర్‌ఈ మళ్ళీ రాయాలంటూ అదనపు కోచింగ్‌కు కూడా ఒత్తిడి చేశారు. ఈ పరీక్షను 21 రోజుల వ్యవధితో, 12 నెలల్లో ఐదుసార్ల వరకు రాయవచ్చు, స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. టోఫెల్ స్కోరు రెండేళ్లే. అయితే ఇటీవలి కాలంలో జీఆర్‌ఈని ఐచ్ఛికం చేసిన, లేదా పూర్తిగా తీసేసిన విభాగాలు చాలా ఉన్నాయి. తమ్ముడి జాబితాలోని కొన్ని విభాగాలు ఆ స్కోరును అసలు స్వీకరించవని వాటి వెబ్‌సైట్లలోనే స్పష్టంగా ఉన్నా, వాటి పేరు చెప్పే కోచింగ్ అమ్మజూపారు. మీరు దరఖాస్తు చేసే విభాగం పేజీని స్వయంగా చదవండి. ఒకే విశ్వవిద్యాలయంలో రెండు విభాగాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు.

వారు కొన్ని కళాశాలలనే పదే పదే ఎందుకు సూచిస్తారో తెలుసుకోవాలంటే కమిషన్ల సంగతి తెలియాలి. అమెరికాలో విద్యార్థులను చేర్పించినందుకు తలకు ఇంత అని చెల్లించడాన్ని 1992 నుంచి ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది, కానీ ఫెడరల్ ఆర్థిక సహాయానికి అర్హులు కాని విదేశీ విద్యార్థుల విషయంలో ఆ నిషేధానికి మినహాయింపు ఉంది. కాబట్టి కమిషన్ తీసుకోవడం చట్టవిరుద్ధం కాదు, దాన్ని మీ నుంచి దాచడమే తప్పు. ‘ఈ జాబితాలోని ఏయే సంస్థల నుంచి మీకు కమిషన్ వస్తుంది?’ అని ఈమెయిల్‌లో అడగండి. మేము అడిగితే జవాబు రాలేదు. ఏజెంటు మాటను మాత్రమే నమ్మి చేరడం ఎంత దూరం తీసుకెళ్తుందో మన విద్యార్థులు చూశారు. 2011 జనవరిలో వీసా మోసం ఆరోపణలపై కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై ఫెడరల్ అధికారులు దాడులు చేశారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ అమెరికా వలస అధికారులే నడిపిన నకిలీ సంస్థ అని బయటపడి, విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది అరెస్టయ్యారు. ఆ నకిలీ సంస్థ పేరు ప్రభుత్వ అనుమతి పొందిన సంస్థల జాబితాలో కూడా ఉండేది. అందువల్ల జాబితాలో పేరుందని ఊరుకోకుండా, అక్కడ పాఠాలు చెప్పే అధ్యాపకులెవరు, తరగతులు నిజంగా జరుగుతున్నాయా, ప్రస్తుతం చదువుతున్న విద్యార్థులు ఏమంటున్నారు అన్నది కూడా విచారించండి.

ఫలితాల కోసం ఎదురుచూసే నెలల్లోనే ఇలాంటి సంస్థలు ఎక్కువగా సొమ్ము చేసుకుంటాయి. డిసెంబరులో దరఖాస్తు పంపిన విద్యార్థికి మార్చి దాకా పోర్టల్‌లో ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క మాటే కనిపిస్తుంటే మనసు నిలవదు. తోటివారికి ఆఫర్లు వస్తున్నాయని వింటుంటే రాత్రుళ్లు నిద్ర పట్టదు. సరిగ్గా అప్పుడే ‘ప్రయారిటీ ఫాలో-అప్’ అని, ‘వెయిట్‌లిస్ట్ క్లియరెన్స్’ అని కొత్త రుసుములు మొదలయ్యాయి. విభాగానికి బయటివారు ఎవరు ఫోన్ చేసినా ఫలితం మారదు. వెయిట్‌లిస్ట్ కదిలేది ప్రధానంగా ఒక కారణంగా: రెండు మూడు ఆఫర్లున్న విద్యార్థి ఒకటి ఎంచుకొని మిగిలినవి వదులుకున్నప్పుడు. అది చాలావరకు ఏప్రిల్ మధ్యలో జరుగుతుంది. మీకు ఇంకా ఆసక్తి ఉందని, కొత్తగా ఏదైనా ప్రచురణో బహుమతో వస్తే దాన్ని కూడా చేర్చి, విభాగంలో ప్రవేశాల వ్యవహారాలు చూసే గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు మీరే నాలుగు వాక్యాల ఉత్తరం రాయవచ్చు. అందుకు రూపాయి ఖర్చు లేదు.

ఏప్రిల్ మధ్య అని ఎందుకన్నానంటే, కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే సంఘం తీర్మానం ఒకటి ఉంది. దానిపై సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు స్కాలర్‌షిప్, ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ వంటి ఆర్థిక సహాయంతో ఇచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 లోపల జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. ఆర్థిక సహాయం లేని మామూలు ఎంఎస్ ఆఫర్‌కు ఈ తీర్మానం వర్తించదు, దాని గడువు ఆఫర్ లేఖలో చూసుకోవాలి. ఆ మేనేజ్‌మెంట్ కోర్సుకు రెండు రోజుల్లో డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుందని మమ్మల్ని తొందరపెట్టారు. తమ్ముడు నేరుగా ఆ కళాశాలకు రాసి అడిగితే, గడువు మే నెల దాకా ఉందని, కట్టిన డిపాజిట్ మాత్రం వాపసు రాదని చెప్పారు. తొందర కళాశాలది కాదన్నమాట. ఎవరైనా గడువు చెప్పి భయపెడితే, ఆ గడువు రాసి ఉన్న విశ్వవిద్యాలయపు ఉత్తరాన్ని చూపమనండి.

తిరస్కరణ లేఖలు వచ్చినప్పుడు ఆ సంస్థ ప్రతినిధి మా తమ్ముడితో ‘మీ ప్రొఫైల్ బలహీనం’ అని చెప్పి మరో ప్యాకేజీ వివరాలు పంపడం నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది. వాడు చాలా రోజులు పుస్తకం ముట్టలేదు. కమిటీ గదిలో ఏం జరిగిందో తెలియని మనిషి అలాంటి తీర్పు చెప్పడానికి అర్హుడు కాడు. తల్లిదండ్రులు ఆ సమయంలో ఫలితం గురించి రోజూ అడగకుండా ఉంటే అదే పెద్ద సాయం. వచ్చే ఏడాది అదే విభాగానికి మళ్ళీ దరఖాస్తు చేయడానికి సాధారణంగా ఏ అడ్డూ ఉండదు. ఈలోగా ఒక ప్రాజెక్టులోనో ఉద్యోగంలోనో పనిచేసి, ఆ పనిని దగ్గరగా చూసిన వ్యక్తితో కొత్త సిఫారసు రాయించుకోగలిగితే దరఖాస్తు నిజంగానే బలపడుతుంది. మా తమ్ముడు ఇప్పుడు చేస్తున్నది అదే. పాత ప్రొఫెసరు ప్రయోగశాలలోనే పనిచేస్తూ, ఈసారి దరఖాస్తులన్నీ స్వయంగా నింపుతున్నాడు.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీకి డబ్బు కట్టినవారు ఈరోజే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఈమెయిల్, పోర్టల్ పాస్‌వర్డ్‌లు తీసుకొని మార్చండి, రికవరీ నంబరు మీది పెట్టండి. దరఖాస్తు ఫీజుల పేరుతో తీసుకున్న సొమ్ముకు ఒక్కొక్క విశ్వవిద్యాలయం ఇచ్చిన రశీదు అడగండి. మాకు ఇచ్చిన లెక్కలో ఒక దరఖాస్తు అసలు సమర్పించనే లేదని అలాగే తెలిసింది. సమర్పించిన ప్రతి దరఖాస్తు పీడీఎఫ్‌ను దించుకొని అందులోని వివరాలు మీవేనా, ఎస్‌ఓపీ మీరు ఒప్పుకున్నదేనా చూడండి. తప్పు కనిపిస్తే విశ్వవిద్యాలయానికి వెంటనే రాసి సరిచేయమని కోరండి. సంస్థతో ఫోన్‌లో జరిగిన ప్రతి సంభాషణ సారాంశాన్ని అదే రోజు ఈమెయిల్‌లో పంపి నమోదు చేసుకోండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయాల్సి వస్తే ఒప్పందం, రశీదులు, ఈ ఉత్తరాలే ఆధారాలు. మా ఫిర్యాదుతో మేము జత చేసినవి కూడా ఇవే.