పోచంపల్లా, అరకా, మారేడుమిల్లా: మన ఖర్చు ఏ ఊరికి మిగులుతుంది?

సెలవులు దగ్గరపడితే చాలు, పాఠకులు ఒకటే అడుగుతారు: పిల్లలను తీసుకుని పల్లెకు వెళ్దామనుకుంటున్నాం, మేం పెట్టే ఖర్చు ఆ ఊరివాళ్ళకు చేరాలి, ఎటు వెళ్ళమంటారు? ఏ ఊళ్ళో ఏం చూడాలో అందరికీ తెలిసిందే కనుక ఆ జోలికి పోను. నేను ముందుగా చూసేది రాత్రి మనం పడుకునే గది అద్దె ఎవరి చేతికి వెళుతుందన్నది. యాత్ర ఖర్చులో సింహభాగం బసకూ భోజనానికీ పోతుంది. ఊరికి దక్కాల్సింది అదే.

ఆ లెక్కన పోచంపల్లికి మొదటే దెబ్బ. హైదరాబాద్‌కు 50 కిలోమీటర్ల దూరంలో ఉండటంతో పొద్దున వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి ఇల్లు చేరతారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించింది. భూదానోద్యమం మొదలైన ఊరిగా అంతకు ముందే పేరుంది. అయినా నేను ఈ ఊరిని తక్కువ చేయను. ఇక్కడ మనకోసం పుట్టించిన వేడుక ఏదీ లేదు, మనం వెళ్ళినా వెళ్ళకపోయినా మగ్గం ఆడుతుంది. నూలు మీద గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ మరోచోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. పడుగూ పేకా కలిసేటప్పుడు ఆ రంగులు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. చీర ధర ఎందుకంతో ఇది చూశాక ఎవరూ అడగరు.

చిక్కంతా కొనే చోట ఉంది. చాలామంది నేతగాళ్ళకు నూలు, డిజైను ఇచ్చేది మాస్టర్ వీవరే, అంటే కూలికి నేయించుకునే వ్యాపారే. నేసినవాడికి దక్కేది మజూరి. రోడ్డు పక్క పెద్ద షోరూములో మనం ఎంత పెట్టి కొన్నా ఆ మజూరి పెరగదు. సొంత నూలుతో నేసుకునే కుటుంబం దగ్గరో, చేనేత సహకార సంఘంలోనో కొంటేనే పోచంపల్లి ప్రయాణానికి నా ఓటు.

అరకు అందం గురించి వాదన లేదు. విశాఖ నుంచి సొరంగాల గుండా సాగే ఆ రైలు ప్రయాణం పిల్లలు మరచిపోరు. కానీ బస దగ్గరే నాకు మనసు ఒప్పదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. అయినా కౌలు పేరుతో, బినామీ పేర్లతో వసతి గృహాలు వెలుస్తున్నాయని గిరిజన సంఘాలు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నాయి. అలాంటి చోట దిగితే అద్దె మైదాన ప్రాంతానికి పోతుంది, గిరిజన యువతకు దుప్పట్లు మార్చే పని మిగులుతుంది. సాయంత్రం మన వినోదానికి గిరిజనుల నృత్యం థింసా ఆడించి అదే సంస్కృతి అంటే నాకు బాధగా ఉంటుంది. కాఫీ మాత్రం గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి.

ఇక మారేడుమిల్లి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా దాదాపు 85 కిలోమీటర్లు. ఇక్కడ అటవీ శాఖ ఆధ్వర్యంలో, వన సంరక్షణ సమితుల సభ్యులైన స్థానిక గిరిజనులు నడిపే బసలున్నాయి. గది చూపించేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, అడవిలో దారి చూపేవాళ్ళు అందరూ అక్కడివాళ్ళే. ఉదాహరణకు బొంగు చికెన్‌నే తీసుకోండి. మసాలా పట్టించిన మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకుతో బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె అక్కర్లేదు. కోడి బయటినుంచి వచ్చినా బొంగు, ఆకు, కట్టె, చేతి పని ఆ ఊరివే. మనమిచ్చే డబ్బులో ఎక్కువ భాగం అక్కడే తిరుగుతుంది.

విడివిడిగా ఇళ్ళలో ఇచ్చే హోమ్‌స్టే కంటే సమితి పద్ధతి నాకు మేలనిపించడానికి కారణం ఉంది. అదనపు గది, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న ఇల్లు ఊళ్ళో ఎవరికుంటుంది? ఉన్నవాళ్ళకే. అతిథి ఎవరింట్లో తినాలన్న దగ్గర కులమూ అడ్డొస్తుంది. పైగా వచ్చినవాళ్ళకు వండిపెట్టే బరువు ఆ ఇంటి ఆడవాళ్ళ మీదే పడుతుంది, డబ్బు ఇంటి యజమాని జేబులో చేరుతుంది. సమితిలో పని వంతులవారీగా పంచుకోవచ్చు, కూలీ చేసినవాళ్ళకే అందుతుంది. పెత్తనం ఇంకా అటవీ శాఖదే కావడం ఇందులో లోపం. లెక్కలు గ్రామసభలో చదివి వినిపించే రోజు రావాలి. మారేడుమిల్లిలోనూ ప్రైవేటు రిసార్టులు పెరుగుతున్నాయి కాబట్టి బుక్ చేసే ముందు నడిపేది ఎవరో అడగండి.

లంబసింగి, కోనసీమలోని దిండి గురించి కూడా అడుగుతున్నారు. లంబసింగిలో చలి చూసి వచ్చేయడమే, గుడారాల దగ్గర చెత్త మాత్రం వదలకండి. దిండిలో పడవ ఇల్లు హాయిగానే ఉంటుంది, ఊరితో పరిచయం ఆశించకండి.

పెద్దవాళ్ళు వెంట ఉంటే పోచంపల్లికే వెళ్ళండి. నడవగలిగినవాళ్ళయితే వర్షాలు తగ్గాక మారేడుమిల్లిలో కనీసం రెండు రాత్రులుండేలా చూసుకోండి. ఫోను సిగ్నల్ సరిగా అందదు, ఇంట్లో ముందే చెప్పి బయలుదేరండి.