ఎలగందులా, రామగిరి ఖిల్లానా?

కరీంనగర్ వైపు ఒక్క ఆదివారమే దొరికితే ఏ కోట ఎక్కాలి?

దారి: ఎలగందుల కరీంనగర్‌కు సుమారు 10 కిలోమీటర్లు, ఆటోలో వెళ్లొచ్చు. రామగిరి పెద్దపల్లి జిల్లాలో, బేగంపేట దగ్గర. సొంత బండి ఉంటేనే హాయి.

ఎక్కడం: ఎలగందులలో మెట్లున్నాయి. పైన మసీదు మినార్లు, కింద మానేరు నీళ్లు. రామగిరిలో అడవి బాట, బండరాళ్లు, వనమూలికలు. శిథిలాలు కొండమీద అక్కడక్కడా చెదిరి ఉంటాయి. తొందరపడితే సగమే చూస్తారు. వానాకాలంలో పచ్చదనం అద్భుతం, రాళ్లు మాత్రం జారుతాయి. దారి తెలిసిన ఊరి మనిషి లేకుండా నేనైతే వెళ్లను.

ఖర్చు: పెట్రోలు, నీళ్లు, సద్ది. అంతే.

పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే ఎలగందుల. మోకాళ్లు గట్టిగా ఉండి, దోస్తులతో పొద్దున్నే బయలుదేరేవాళ్లకు రామగిరి.