గయ నుంచి తిరిగొచ్చాక కాశీలో రెండు రోజుల భోజనం

కాశీ వెళ్లివచ్చిన వారిని దర్శనం ఎలా జరిగిందని అడిగితే అరగంట చెబుతారు, బస గురించి అడిగితే పది నిమిషాలు చెబుతారు, తిండి సంగతి అడిగితే మాత్రం ఏదో సత్రంలో తినేశామని ఒక్క మాటతో తేల్చేస్తారు. ప్రయాణానికి ముందు నేను అడిగిన ముగ్గురు బంధువులూ సరిగ్గా ఆ మాటే అన్నారు. పితృకార్యం మీద వెళ్లేవారికి యాత్ర నడుస్తున్నన్ని రోజులూ ఆ సమాధానం సరిపోతుంది గానీ, కార్యం ముగిసి నియమాలు సడలిన తరువాత, రైలెక్కే ముందు మిగిలే ఒకటి రెండు రోజుల్లో ఎక్కడ తినాలన్నది అక్కడికి చేరాక తేల్చుకోవలసిన ప్రశ్నగానే మిగిలిపోతుంది.

నిరుడు డిసెంబరులో నేనూ, నా భార్యా, డెబ్బై రెండేళ్ల మా అమ్మా కలిసి ప్రయాగ, కాశీ, గయ క్షేత్రాలు చూసి, నాన్నగారికి పిండప్రదానం చేసి వచ్చాము. కర్మ జరిగిన రోజులన్నీ ఒంటిపూట భోజనమే. ఉల్లి, వెల్లుల్లి లేవు, బయటి తిండి అసలే లేదు. గయలో విష్ణుపాదం దగ్గర కార్యక్రమం ముగించుకుని అక్షయవటం చేరినప్పుడు, ఆచారం ప్రకారం ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి వదలమని పంతులుగారు అడిగితే, అమ్మ క్షణం ఆలోచించకుండా వంకాయనూ సీతాఫలాన్నీ వదిలేసింది. సీతాఫలం మాటకేమి గానీ, గోదావరి జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి వంకాయను వదలడమంటే మామూలు త్యాగం కాదని నాకు తెలుసు. నేను కాకరకాయతో సరిపెట్టుకున్నాను. మర్నాడు కారు మాట్లాడుకుని, దాదాపు 250 కిలోమీటర్లు పొగమంచులో ప్రయాణించి, చీకటి పడ్డాక మళ్లీ కాశీ చేరాము.

బస గురించి ముందు చెప్పడం అవసరం, ఎందుకంటే కాశీలో తిండి చాలావరకు బసను బట్టే ఉంటుంది. మొదటి విడతలో మానససరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమంలో దిగాము. సోనార్‌పురా కూడలి దగ్గర ఆటో దిగి, పాండే హవేలీ సందుల్లోకి అడుగుపెడితే తెలుగు బోర్డులు, తెలుగు మాటలు పలకరిస్తాయి. కేదారఘాట్ నడిచివెళ్లే దూరంలోనే ఉంటుంది. గదుల్లో ఆడంబరమేమీ లేదు, కానీ పెద్దవాళ్లతో వెళ్లినవారికి కావలసినవన్నీ ఉన్నాయి: మన భాష, మన పురోహితులు, మధ్యాహ్నం వేళకు విస్తరిలో పప్పూ కూరా చారూ. గదులు ముందుగా మాట్లాడుకోకపోతే దొరకడం కష్టం. మా విషయంలో అదే జరిగింది. గయ నుంచి తిరిగి ఏ రోజున వస్తామో తేల్చుకోలేక రెండో విడతకు గది చెప్పుకోలేదు, తీరా వచ్చేసరికి ఖాళీ లేదు. గోదౌలియా వైపు ఒక ప్రైవేటు లాడ్జిలో, సత్రంలో ఇచ్చినదానికి మూడింతలు ఇచ్చి దిగవలసి వచ్చింది. ఉదయం ఫలహారం ఉచితమని ఊరించారు గానీ, ఆ ఫలహారం చల్లారిన బ్రెడ్డు ముక్కలూ, పంచదార పాకంలాంటి టీ. అది చూశాకే, ఇక బయటికి వెళ్లి వెతుక్కుందామని నిశ్చయించుకున్నాము. ఆ లాడ్జికి నేను చెప్పగల కృతజ్ఞత అదొక్కటే.

మొదటి రోజు ఉదయం పొరపాటు చేశాము. బడలికతో ఆలస్యంగా లేచి, గంగాస్నానం చేసి, తీరుబడిగా పదకొండు గంటలకు కచోరీ కోసం బయలుదేరితే, మంచి దుకాణాల్లో మూకుళ్లు దించేసి కడుగుతున్నారు. కాశీలో ఏది ఎక్కడ తినాలన్నది ఎవరైనా చెబుతారు. ఏది ఏ వేళకు తినాలన్నది మాత్రం తెలియకపోతే ఊరంతా తిరిగినా ఖాళీ కడుపే. కచోరీ తెల్లవారి నుంచి పది గంటల దాకా, మలైయో అనే తియ్యని పాల నురుగు ఎండెక్కే దాకా, చాట్ మధ్యాహ్నం మూడు దాటాక, మరిగిన పాలూ రబ్డీ రాత్రి. ఈ వేళలు ఊరివాళ్లకు సంధ్యావందనం లాంటివి. మనవాళ్లు ఇడ్లీ, దోశలకు అలవాటు పడి, ఏదైనా ఏ వేళకైనా దొరుకుతుందనుకుని వెళతారు.

ఆ పూట ఆకలికి తాళలేక, గుడి దారిలో దక్షిణ భారత ఫలహారశాల అని బోర్డు కనిపించినచోట కూర్చున్నాము. ఇడ్లీ రాయి, సాంబారు తియ్యన, చట్నీలో కొబ్బరి ఆనవాలు లేదు. బిల్లు మాత్రం హైదరాబాదు పెద్ద హోటలు స్థాయిలో ఉంది. యాత్రికుడు మళ్లీ రాడని తెలిసిన చోట వంట ఇలాగే ఉంటుంది. 2021 డిసెంబరులో విశ్వనాథ కారిడార్ తెరిచాక రద్దీ ఎంతో పెరిగింది, గుడి ద్వారాల చుట్టూ తినుబండారాల దుకాణాలూ పెరిగాయి. గుడికి ఎంత దగ్గరైతే అంత జాగ్రత్తగా ఉండాలన్నది మేము డబ్బిచ్చి నేర్చుకున్న పాఠం. దోశ తినక తప్పదనుకునేవారు భేలూపుర్‌లోని కేరళ కేఫ్‌కు వెళ్లడం మేలు. ఆంధ్రాశ్రమం వైపు ఉన్నవారికి అది పెద్ద దూరం కాదు, అక్కడ ఊరివాళ్లే బారులు తీరి కనిపించారు. సాంబారు మన రుచి కాదు గానీ దోశ దోశలాగే ఉంది.

మధ్యాహ్నం అన్నపూర్ణమ్మ గుడి వారి అన్నక్షేత్రానికి వెళ్లాము. ఆకలి మీద ఉన్న వ్యాసుడు భిక్ష దొరకక కాశీనే శపించబోతే, ముత్తైదువ రూపంలో వచ్చి అమ్మవారు కడుపునిండా పెట్టిన కథ మనలో చాలామంది బడిలో చదువుకున్నదే. ఉదయం ఇడ్లీ చూసి నేను శపించినంత పనిచేశాను కనుక, అక్కడికి వెళ్లడం న్యాయమేననిపించింది. వరుసలో కొంతసేపు నిలబడాలి, ఎవరి పక్కన చోటు దొరికితే వారి పక్కన కూర్చోవాలి. మా పక్కన తమిళ దంపతులు ఒకవైపు, బీహారు నుంచి వచ్చిన రైతు కుటుంబం ఇంకొకవైపు కూర్చున్నారు. అన్నం వేడిగా ఉంది, పప్పు పలచన, కూరలో కారం తక్కువ. కానీ వడ్డించేవారు రెండోసారి, మూడోసారి అడిగి మరీ వేశారు. రుచిని తూచి చెప్పవలసిన చోటు కాదనుకోండి, అయినా తూచినా తక్కువ కాదు. డబ్బు అడగరు, ఇవ్వదలచినవారు విరాళం ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. బయటి భోజనమంటేనే ముఖం తిప్పుకునే అమ్మ అక్కడ మాత్రం మారు అన్నం పెట్టించుకుంది. వయసు మీరినవారు నేలమీద కూర్చోలేకపోతే ముందే చెప్పి, చోటు చూపించమని అడగడం మంచిది.

రెండో రోజు బుద్ధి వచ్చి, ఏడు గంటలకే ఠఠేరీ బజారు చేరాము. అది ఇత్తడి, రాగి పాత్రల వీధి. సందు ఎంత ఇరుకంటే, ఎదురుగా ఆవు వస్తే మనమే గోడకు అతుక్కోవాలి. అక్కడి రామ్ భండార్ పాత దుకాణం. స్వాతంత్ర్యోద్యమ కాలంలో మూడు రంగుల బర్ఫీ పుట్టింది ఈ దుకాణంలోనేనని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. మినప్పిండి ముద్ద కూరిన కచోరీని నూనెలోంచి తీసి, దొన్నెలో బంగాళాదుంపల కూర పోసి చేతికిస్తారు. కూర్చోవడానికి చోటు ఉండదు, నిలబడే తినాలి. మన పూరీకూరతో పోల్చుకుంటే ఇందులో ఇంగువ వాసన ఎక్కువ, పసుపు తక్కువ. మొదటి ముక్కకు గొంతు మండింది, వెంటనే వేడి జిలేబీ ఎందుకిస్తారో అర్థమైంది. ఇద్దరికి రెండు దొన్నెలు చాలు, మూడోది చెబితే మధ్యాహ్న భోజనం వదులుకోవలసిందే. ఉల్లి తినని వారు కూరలో ఏమేమి పడ్డాయో అడిగి తెలుసుకోవాలి. అమ్మ కోసం మేము అడిగితే, విసుక్కోకుండా చెప్పారు.

అక్కడి నుంచి చౌఖంబా వైపు నడిస్తే, చలికాలంలో మాత్రమే కనిపించే మలైయో అమ్మేవాళ్లు గోపాల్ మందిర్ సందుల్లో కూర్చుని ఉంటారు. కాచిన పాలను రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికి, పైకి తేలిన నురుగుకు కుంకుమపువ్వూ యాలకులూ పంచదారా చేర్చి మట్టి ముంతలో పెడతారు. నోట్లో పెట్టుకుంటే తిన్నామో లేదో తెలియదు, తియ్యదనం మాత్రం నాలుక మీద మిగులుతుంది. నురుగు అయిపోయాక అదే ముంతలో కుంకుమపువ్వు పాలు పోసి ఇస్తారు. ఆ సంగతి తెలియక మా ఆవిడ ఖాళీ ముంతను పారేయబోతే, అమ్మేవాడే చెయ్యి పట్టుకున్నంత పనిచేసి ఆపాడు. ఎండ ముదిరితే ఆ నురుగు నిలవదు కనుక మధ్యాహ్నం మలైయో అమ్ముతున్నారంటే అనుమానించవలసిందే. ఈ యాత్రలో నేను తిన్నవాటిలో మళ్లీ తినాలనిపించేది ఏదని అడిగితే, ఇదేనని చెబుతాను. దారిలోనే పచ్చి బఠాణీలతో నేతిలో వేయించిన అటుకులు, చూడా మటర్ అంటారు, ఒక దుకాణంలో కనిపించాయి. అమ్మకు అదే నచ్చింది. తెలిసిన వస్తువు కదా.

ఆ సాయంత్రం జరిగిన తమాషా చెప్పకుండా ఉండలేను. తూర్పు యూపీ, బీహారు ప్రాంతాల అసలు భోజనం బాటీ చోఖా అని విని, తేలియాబాగ్‌లో ఆ పేరుతోనే ఉన్న హోటలుకు వెళ్లాము. గోధుమపిండిలో సత్తుపిండి, అంటే వేయించిన శనగల పిండి కూరి నిప్పుల మీద కాల్చిన ఉండలను నేతిలో ముంచి ఇస్తారు. పక్కన చోఖా వస్తుంది. ఆ చోఖా ఏమిటని అమ్మ అడిగేలోపే నాకు వాసన తగిలింది: నిప్పుల మీద కాల్చిన వంకాయ. పేరు మారినా అది మన కాల్చిన వంకాయ పచ్చడికి తోబుట్టువే, ఆవనూనె తేడా అంతే. పైగా కాశీ అవతలి ఒడ్డున రామ్‌నగర్‌లో పండే వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వంకాయ వదిలి మూడు రోజులు కాకముందే వంకాయల రాజధానికి తీసుకొచ్చావురా అని అమ్మ నవ్వింది. అడిగితే ఉత్త బంగాళాదుంప చోఖా విడిగా చేసి తెచ్చారు, దానికి వేరే డబ్బు వేయలేదు. సేవ విషయంలో ఈ రెండు రోజుల్లో మేము చూసిన మంచి హోటలు అదే. కూర్చునే చోటు, శుభ్రత, తీరుబడి అన్నీ ఉన్నాయి. రైలెక్కే ముందు పెద్దవాళ్లతో ఒక పూట నింపాదిగా తినాలనుకునేవారికి ధైర్యంగా చెప్పగలను.

చాట్ సంగతికొస్తే, గోదౌలియాలోని కాశీ చాట్ భండార్‌లో టమాటా చాట్ బాగుంది, కానీ తోపులాటలో అమ్మను తీసుకువెళ్లడం నా తెలివితక్కువతనం. రద్దీ వేళల్లో ఆ కూడలికి వాహనాలను రానివ్వరు, నడవక తప్పదు. వయసు మీరినవారిని గదిలో ఉంచి, పొట్లం కట్టించుకుని రావడమే మంచిది. ఆ పక్కనే తండాయి అనే పాల పానీయం అమ్మే దుకాణాల్లో భంగు కలిపినదీ, కలపనిదీ రెండూ ఉంటాయి. సాదా తండాయి అని గట్టిగా చెప్పి, కళ్లముందే కలిపించుకోవాలి. లస్సీ డిసెంబరు చలిలో మా వల్ల కాలేదు. పాన్ మాత్రం రాత్రి భోజనమయ్యాక ఇద్దరమూ వేసుకున్నాము. నోట్లో వేసుకున్నాక మాట్లాడకూడదని దుకాణదారు సైగ చేశాడు.

ఇంటికి వచ్చిన పదో రోజున గంగపూజ, కాశీ సమారాధన పెట్టుకున్నాము. తెచ్చిన గంగచెంబుకు పూజ చేసి, కాలభైరవుని కాశీదారాలు పంచి, బంధువులకు భోజనం పెడితే గానీ మనకు ఈ యాత్ర పూర్తయినట్టు కాదు. ముందురోజు వంటవాడు వచ్చి కూరల జాబితాలో మొట్టమొదట గుత్తివంకాయ రాసుకుంటే నేను కొట్టివేయబోయాను. అమ్మ ఆపింది. "వదిలింది నేను గానీ, మా వాళ్లెవరూ వదల్లేదు కదా. ఉండనీ, ఉప్పూ కారం సరిపోయాయో లేదో నువ్వు చూసి చెప్పు," అంది.