పర్లాకిమిడిలో ‘షుగర్-గుండె’ ప్యాకేజీ: ఏది పనికొస్తుంది, ఏది దండగ

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే కలెక్షన్ సెంటర్లు ఒడిశాలోని మన పర్లాకిమిడిలో ఇప్పుడు బాగానే ఉన్నాయి. వాటిలో ఒకటి షుగర్ ఉన్నవాళ్ళకని అమ్ముతున్న గుండె ప్యాకేజీ గురించి ఈ నాలుగు మాటలు. పేరు చెప్పడం లేదు. మిగతా చోట్ల దొరికేదీ కాస్త అటూ ఇటుగా ఇదే సరుకు: లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్టరాల్ లెక్కలు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), హెచ్‌ఎస్-సీఆర్‌పీ (సీఆర్‌పీని సన్నగా కొలిచే హై-సెన్సిటివిటీ పరీక్ష), ఈఎస్‌ఆర్ (ఎర్రకణాలు ఎంత వేగంగా కిందికి దిగుతాయో చూసేది), హోమోసిస్టీన్ (రక్తంలోని ఒక అమైనో ఆమ్లం). కరపత్రంలో పెద్దక్షరాలు మాత్రం హెచ్‌ఎస్-సీఆర్‌పీకే, గుండెపోటును ముందే పసిగట్టేస్తుందట. అంత మాట అనకూడదు.

సీఆర్‌పీ అనేది లివర్ తయారుచేసే ప్రోటీను. ఒంట్లో ఎక్కడ మంట (ఇన్‌ఫ్లమేషన్, అంటే దెబ్బకో ఇన్ఫెక్షన్‌కో ఒళ్ళు చూపే వాపు లాంటి స్పందన) రగిలినా పెరుగుతుంది, ఎక్కడ రగిలిందో మాత్రం చెప్పదు. రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకున్న చోట ఉండేది చాలా సన్నటి మంట. చాలా ల్యాబుల్లో చేసే మామూలు సీఆర్‌పీకి లీటరుకు 5, 6 మిల్లీగ్రాముల లోపు ఏముందో కనపడదు, అందుకే హెచ్‌ఎస్ రకం కావాలి. అందులో 1 లోపు ఉంటే ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని లెక్క. 10 దాటిందంటే గుండె సంగతి పక్కనపెట్టి ముందు ఇన్ఫెక్షన్ ఎక్కడుందో వెతకాలి.

సెంటర్ తప్పు ఇక్కడే ఉంది. రక్తం తీసే కుర్రాడు ‘పరగడుపేనా?’ అని అడుగుతాడు. హెచ్‌ఎస్-సీఆర్‌పీకి పరగడుపుతో పనే లేదు. అడగాల్సింది వేరు: ఈ రెండు మూడు వారాల్లో జ్వరం వచ్చిందా, మలేరియా గానీ బోదకాలు జ్వరం గానీ తిరగబెట్టిందా, కాలి వేళ్ళ మధ్య పుండుందా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా? మన వైపు పొద్దున్నే గుడాఖుతో పళ్ళు తోమే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది. అది పొగాకే. చిగుళ్ళు పాడై ఉంటే సీఆర్‌పీ వాటివల్లే పెరగొచ్చు. అరికాళ్ళు తిమ్మిరెక్కిన షుగర్ మనిషికి పుండున్నట్టే తెలియదు, కాబట్టి శాంపిల్ ఇచ్చే ముందు ఇంట్లో ఎవరైనా పాదాలు తిప్పి చూడడం మంచిది. ఈ ప్రశ్నలేవీ లేకుండా వచ్చిన 4.2 చూసి గుండె జబ్బని బెంగపడడం అనవసరం. రెండు వారాల ఎడంతో రెండుసార్లు తీయించి సగటు చూడాలన్నది 2003 నుంచీ ఉన్న సలహా. ప్యాకేజీలో ఇచ్చేది ఒక్కసారే.

రిపోర్టులో యూనిట్ కూడా చూసుకోండి. కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కన ముద్రిస్తాయి. అప్పుడు అదే 4.2 కాస్తా 0.42 అవుతుంది. 1 కన్నా తక్కువే కదా అని సంబరపడితే పప్పులో కాలేసినట్టే, పదితో గుణించి చూడాలి.

రక్తం తీసే పనికి ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. సూది కొత్తది, చేతికి బిగించిన కట్టు నిమిషం లోపే విప్పేస్తాడు, పేరూ టైమూ ట్యూబు మీద అక్కడే రాస్తాడు. ఆ తర్వాతి ప్రయాణమే గొడవ. పొద్దున్న ఏడింటికి తీసిన రక్తం మధ్యాహ్నం బస్సులో విశాఖ వెళ్తుంది. సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) వేరుచేసి చల్లగా ఉంచితే సీఆర్‌పీకి ఏమీ కాదు, రోజుల తరబడి నిలుస్తుంది. హోమోసిస్టీన్ అలా కాదు. సెంట్రిఫ్యూజ్‌లో (ట్యూబును గిర్రున తిప్పే యంత్రంలో) తిప్పి సీరం తీయకుండా బయట ఉంచితే ఎర్రకణాల్లోంచి ఊరుతూ గంటకు పది శాతం దాకా పెరిగిపోతుంది. ఊదా మూత ట్యూబులోని ఈఎస్‌ఆర్‌ను మామూలు వేడిలో నాలుగు గంటల్లోపే చేయాలి, ఈ లెక్కన అది విశాఖ చేరేసరికే చెల్లదు. ఇక్కడే తిప్పుతారా అని అడిగి తెలుసుకోండి.

అసలు హోమోసిస్టీన్ ఎందుకు పెట్టారో! విటమిన్లతో దాన్ని తగ్గించినా గుండెపోట్లు తగ్గలేదని పెద్ద ట్రయల్సే తేల్చాయి. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళలో బీ12 తగ్గితే అది పెరుగుతుంది. ఆ అనుమానముంటే నేరుగా బీ12 చూపించుకోవచ్చు.

ఇక సీఆర్‌పీ అంకె వచ్చాక ఏం చేస్తారు? షుగర్ ఉండి 40 ఏళ్ళు దాటితే కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ ఎలాగూ వేసుకోవాల్సిందే, సీఆర్‌పీ 0.6 వచ్చిందని ఆ మాత్ర మానేయకూడదు. పైగా స్టాటినే సీఆర్‌పీని తగ్గిస్తుంది, కాబట్టి మాత్ర ఎప్పటి నుంచి వేసుకుంటున్నారో చీటీ మీద రాయించండి. మంటను తగ్గిస్తే గుండెకు మేలని 2017లో కాంటోస్ ట్రయల్ చూపించిన మాట నిజం. అంతకు ముందు గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 అంతకు మించి ఉన్న పదివేల మందిలో కనకినుమాబ్ అనే మంట తగ్గించే ఇంజెక్షన్ కొలెస్టరాల్ జోలికి పోకుండానే గుండె ఘటనలను 15 శాతం తగ్గించింది. ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. దాన్ని చూసి సీఆర్‌పీ తగ్గించడానికని మందుల షాపులో కొల్చిసిన్ (గౌట్ కీళ్ళనొప్పులకు వాడే మాత్ర) కొనుక్కోవద్దు. కిడ్నీ బాగోలేనివాళ్ళకు అది విషమవుతుంది.

కిడ్నీ మాటొచ్చింది కాబట్టి, ఈ ప్యాకేజీకి ఐదుకి రెండే ఇవ్వడానికి పెద్ద కారణం మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీను ఎంత పోతోందో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి లేకపోవడం. షుగర్ మనిషికి గుండె ముప్పు చెప్పడంలో చౌకైన, గట్టి పరీక్ష అది. పొద్దున్న లేవగానే వచ్చే మూత్రం చాలు. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే మూడు నుంచి ఆరు నెలల్లో మళ్ళీ చేయించి, మూడింటిలో రెండుసార్లు ఎక్కువొస్తేనే ఖాయం చేస్తారు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో ఇవ్వకూడదు.

హెచ్‌బీఏ1సీ గురించి ఒక్క మాట. ఒడిశాలో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు) ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు. ఆ జబ్బులో ఎర్రకణాలు తొందరగా చచ్చిపోతాయి, అందువల్ల షుగర్ ఎక్కువున్నా అంకె తక్కువే చూపిస్తుంది. అలాంటివాళ్ళు ఫ్రక్టోసమిన్ (రెండు మూడు వారాల సగటు షుగర్ చెప్పే పరీక్ష) అడగాలి.

కౌంటర్లో ప్యాకేజీ వద్దని, లిపిడ్, క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ, మూత్రం నిష్పత్తి విడివిడిగా రాయించుకోండి. హెచ్‌ఎస్-సీఆర్‌పీ కావాలనుకుంటే రెండు తేదీలూ అప్పుడే ఖాయం చేసుకోండి. విడిగా చేయం అంటారు మొదట. రేటు బోర్డు గోడకే ఉంటుంది, అందులో ప్రతి పరీక్షకూ విడి ధర ఉంది.