అన్నానికి చిన్న డబ్బా, కూరకు పెద్ద డబ్బా: గాంధీ రోడ్డులో కొన్న స్టీల్ డబ్బాలు

షుగర్ ఉన్నవాళ్లకో, బరువు తగ్గాలనుకునేవాళ్లకో క్యారియర్ కొనబోతుంటే, కొనేముందు ఇది చదవండి. అంగళ్లలో దొరికే క్యారియర్లలో చాలావాటికి అడుగు గిన్నె పెద్దది. అది అన్నానికి. దాని పైన చిన్న గిన్నెలో కూర, ఇంకా చిన్నదాంట్లో పెరుగు. కొలిచి తినాల్సిన మనిషికి ఈ అమరిక పనికిరాదు. కూర గిన్నె పెద్దది కావాలి, అన్నం గిన్నె చిన్నది కావాలి. అలాంటి సెట్టు తిరుపతి అంగళ్లలో నాకెక్కడా కనపడలేదు. అందుకే విడి డబ్బాలు ఏరి కొన్నాను. వాటి గురించే ఈ సమీక్ష.

మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. తిరుపతి నుంచి తిరుమలకు ఘాట్‌లో బస్సు నడుపుతారు. పొద్దున డ్యూటీ అయితే చీకటితోనే వెళ్లాలి, తిండి ఎప్పుడు కుదురుతుందో చెప్పలేం. షుగర్ బయటపడ్డాక డైటీషియన్ దగ్గరికి వెళ్లాం. ఆమె చెప్పినవాటిలో నేను పట్టుకున్న మాట ఇది: "అన్నం కొలిచి పెట్టండమ్మా, ఆకుకూరా కాయగూరా కొలవొద్దు." ఇంటికొచ్చి చూస్తే ఆయన క్యారియర్‌లో అన్నం గిన్నె లీటరుకు కొంచెం తక్కువ. గిన్నె నిండుగా పెట్టడం మనకు అలవాటు. సగం పెడితే ఏదో తక్కువ చేసినట్టు పెట్టేవాళ్లకూ ఉంటుంది, తినేవాళ్లకూ ఉంటుంది. కాబట్టి పెట్టాల్సినంతే పట్టే గిన్నె ఉండాలి. అది నిండుగా ఉండాలి.

మరి ఎంత పెట్టాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీల తిండిలో బియ్యం, గోధుమలు, రాగుల్లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కాయగూరలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు అని అందులో ఉంది. ఇవన్నీ పచ్చివి తూచిన లెక్కలు. 250 గ్రాములను మూడు పూటలకు పంచితే పూటకు 80 గ్రాముల పైచిలుకు బియ్యం. 80 గ్రాముల బియ్యం వండితే ఇంచుమించు 200 నుంచి 240 గ్రాముల అన్నం అవుతుంది. ఎవరికెంత అన్నది వాళ్ల డాక్టరు, వాళ్లు చేసే పని బట్టి ఉంటుంది. మా ఆయనకు మధ్యాహ్నం 200 గ్రాముల అన్నం అని డైటీషియన్ రాసిచ్చారు. నాకు కావాల్సింది 200 గ్రాముల అన్నం పట్టే డబ్బా.

ఇక్కడే చాలామందికి చిక్కొస్తుంది. డబ్బా మీద ఉండేది మిల్లీలీటర్లు, డాక్టరు చెప్పేది గ్రాములు. నీళ్లయితే రెండూ ఒకటే, 300 మిల్లీలీటర్ల డబ్బాలో 300 గ్రాముల నీళ్లు. అన్నం మెతుకుల మధ్య గాలి ఉంటుంది. అదమకుండా వేసి గరిటె వెనకతో పైన చదును చేస్తే, మా ఇంటి సోనామసూరి అన్నం 300 మిల్లీలీటర్ల డబ్బాలో 210 గ్రాముల దగ్గర తూగింది. అదే డబ్బాలో అదిమి పెడితే ఇంకో రెండు గరిటెలు పడతాయి. అందుకే మా ఇంట్లో అదమడం లేదు. ఇంట్లో వంటింటి తక్కెడ ఉంటే, డబ్బా కొన్న రోజే దాన్నిండా మీ అన్నం పెట్టి ఒకసారి తూచుకోండి. డబ్బా మీద రాసిన అంకె అంచుదాకా కొలిచిందో, మూత కింది దాకా కొలిచిందో ఒక్కో కంపెనీది ఒక్కో రకం.

కొన్నది గాంధీ రోడ్డులో, గోవిందరాజస్వామి గుడి దగ్గరి ఒక స్టీల్ సామాన్ల అంగట్లో. అంగడాయన ముందు సెట్టే చూపించాడు. "సెట్టు తీసుకుంటే తక్కువకొస్తుందక్కా, ఏడు డబ్బాలు." ఒకదాంట్లో ఒకటి పట్టే ఏడు డబ్బాల్లో నాకు పనికొచ్చేవి రెండే. "సెట్టు వద్దన్నా, విడిగా ఇయ్యి" అంటే విసుక్కోకుండా లోపలి నుంచి తెచ్చి గల్లా బల్ల మీద పరిచాడు. ఈ అంగడి గురించి నేను మంచిగా చెప్పడానికి కారణం అదే. నీళ్లు పోసి చూస్తానంటే చెంబుతో నీళ్లు కూడా తెప్పించాడు.

తీసుకున్నవి ఇవి. అన్నానికి 300 మిల్లీలీటర్ల గుండ్రటి డబ్బా, 110 రూపాయలు. కూరకు 500 మిల్లీలీటర్లది, నాలుగు పక్కలా క్లిప్పులు, మూతలో సిలికాన్ వాషర్, 240. పప్పుకో పులుసుకో 200ది, అదీ క్లిప్పులదే, 160. పెరుగుకు ఇంకో 200ది. చెనక్కాయలకు, ఊరిబిండికి (రోట్లో నూరిన పచ్చడికి) అరచేతిలో పట్టే చిన్న డబ్బాలు రెండు, ఒక్కోటి 45. అన్నీ కలిపి 760. పేరున్న కంపెనీ ఇన్సులేటెడ్ లంచ్ సెట్ల ధరలు వెయ్యి పైన చెప్పారు, వాటిలోనూ అన్నం గిన్నే పెద్దది.

500 డబ్బా నిండా బీన్స్ తాళింపు పెడితే దగ్గర దగ్గర 300 గ్రాములు. మొదట్లో మా అత్తమ్మ చూసి "ఇంత కూర ఎవరు తింటారే" అన్నారు. కూరలో ఉప్పూ కారమూ తగ్గించాల్సి వచ్చింది, లేకపోతే అంత కూర తినడం కష్టం. అన్నంలో కలుపుకునే కూరకూ, అన్నం నంజుకుని తినే కూరకూ ఉప్పు ఒకటే ఉంటే కుదరదు. కొబ్బరి తురుము కొంచెం, చెనక్కాయల పొడి ఒక చెంచా వేస్తే వట్టి కూరైనా తినబుద్ధేస్తుంది. చలికాలంలో అనపకాయలొస్తాయి కాబట్టి, వాటి గింజలు నానబెట్టి తొక్క పితికి పితికిపప్పు చేస్తాను. అది మాత్రం కాయగూర లెక్కలోకి రాదు, పప్పు లెక్కలోకి వస్తుంది. దాన్ని 200 డబ్బాలోనే పెట్టాలి.

ఇప్పుడు ఘాట్ సంగతి. ఆయన సంచి సీటు పక్కన ఉంటుంది. ఒక మలుపులో అటు, ఇంకో మలుపులో ఇటు. మా ఆడబిడ్డ ప్రేమగా ఆన్‌లైన్‌లో తెప్పించి ఇచ్చిన మూడు అరల బాక్సు ఒకటి ఉంది, చూడటానికి చాలా ముచ్చటగా ఉంటుంది. అన్నానికి, కూరకు, పప్పుకు వేరు వేరు అరలు. మితంగా తినడానికి ఇదే మంచిదని చాలాచోట్ల చెప్తారు. కానీ దాని మధ్య గోడలు మూతకు తగలవు. మూత వేశాక గోడకూ మూతకూ మధ్య వేలు దూరేంత సందు. బాక్సును పక్కకు వంచితే పప్పు ఆ సందులోంచి అన్నంలోకి వస్తుంది, బయటికి మాత్రం చుక్క రాదు. 'లీక్ ప్రూఫ్' అని రాసేది ఆ బయటి సంగతే. ఘాట్ ఎక్కేసరికి మూడూ కలిసి ఒక్కటయ్యేవి. అరల బాక్సు కొనాలంటే, మూత లోపలివైపు ఆ గోడల ఆకారంలోనే వాషర్ ఉందో లేదో చూడండి. ఉంటేనే కొనండి. ఆఫీసులో ఫ్యాను కింద బల్ల మీద తినేవాళ్లకు పొడి కూరలతో అయితే ఏదైనా సరిపోతుంది.

వాషర్ ఉన్న స్టీల్ డబ్బాను అంగట్లోనే పరీక్ష చేయొచ్చు. ముప్పావు భాగం నీళ్లు పోసి, క్లిప్పులేసి, తలకిందులు చేసి గట్టిగా ఊపండి. క్లిప్పుల దగ్గర కాదు, మూలల దగ్గర చూడండి. నలుపలక డబ్బాలు కారేది మూలల్లోనే. గుండ్రటివి ఈ విషయంలో నయం. నేను చూసినవాటిలో ఒక నలుపలకది మూల నుంచి సన్నగా చెమర్చింది, అంగడాయన మాట్లాడకుండా దాన్ని పక్కన పెట్టేశాడు.

స్టీల్ రకం గురించి కూడా తెలుసుకుని వెళ్లడం మంచిది. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తక్కువ, దాని బదులు మాంగనీస్ ఎక్కువ, అందుకే చవక. చింతపండు పులుసు, నిమ్మకాయ, ఉప్పు రోజూ పడే డబ్బాకు 304 ఎక్కువ కాలం మచ్చ పడకుండా ఉంటుంది. అయస్కాంతం పెట్టి "చూడండి అంటుకోలేదు, ఇది 304" అంటుంటారు. 202కు కూడా అయస్కాంతం అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో ఈ రెంటికీ తేడా తెలియదు. అడుగున ముద్ర చూడాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ పాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది, దాని ప్రమాణం ఐఎస్ 14756. పులుసు డబ్బా ఒక్కటి 304 తీసుకుని, అన్నం డబ్బా మామూలుది తీసుకున్నా పర్వాలేదని నా అభిప్రాయం. డబ్బులు తక్కువున్నప్పుడు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాలి.

ప్లాస్టిక్ చవక, తేలిక, లోపల ఎంతుందో కనపడుతుంది. అడుగున ముక్కోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్, తిండికి వాడే ప్లాస్టిక్‌లలో వేడికి బాగా తట్టుకునేది. అయినా పొగలు కక్కే పులుసు దాంట్లో పోయడం నాకిష్టం లేదు. పైగా మన పసుపూ కారమూ నూనే కలిసి పట్టిన మరక పోదు. ఫ్రిజ్‌లో కడిగి తరిగిన కూరగాయలు పెట్టుకోవడానికి మాత్రం వాడతాను. వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు డబ్బాలు ఇంటికి చాలా మంచివి. మైక్రోవేవ్‌లో పెట్టొచ్చు, వాసన పట్టదు. బరువు వల్ల సంచిలో పెట్టి పంపలేను, అంతే.

మన జిల్లాలో సంగటి గురించి చెప్పకపోతే ఎలా? రాగులు షుగర్‌కు మంచివని ముద్ద మీద ముద్ద పెట్టే ఇళ్లు నాకు తెలుసు. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, రాగుల్లో 67 దాకా ఉంటుంది. పీచు, కాల్షియం రాగుల్లో బాగా ఎక్కువ, అది నిజం. కానీ పిండిపదార్థంలో తేడా అంత పెద్దది కాదు. పైగా సంగట్లో నూకలో బియ్యమో ఎలాగూ వేస్తాం. సంగటి గట్టిగా ఉంటుంది, గాలి ఉండదు. అదే 300 డబ్బా నిండా పెడితే అన్నం కంటే చాలా ఎక్కువ తూగుతుంది. అందుకే సంగటిని డబ్బాతో కాకుండా పచ్చి పిండితో కొలుస్తాను. ఒక మనిషికి పిండీ బియ్యమూ కలిపి 75 గ్రాములు అనుకుని కలిపి, వండాక ఎంతమందికి వేశానో అన్ని ముద్దలు చేస్తాను.

ఇక లడ్డు. తిరుపతిలో ఉండి, పైగా కొండ మీదికి బస్సు నడిపే ఇంట్లో ఉండి లడ్డు తినకూడదంటే కుదిరే పనేనా? ఎవరో ఒకరు ప్రసాదం పెడుతూనే ఉంటారు, వద్దనే నోరు మనకు రాదు, రాకూడదు కూడా. మామూలు లడ్డు 175 గ్రాముల దాకా ఉంటుంది. ఇంటికి రాగానే దాన్ని ఎనిమిది భాగాలు చేసి, ఆయన వంతు ఒక్క ముక్క ఆ 45 రూపాయల చిన్న డబ్బాలో పెట్టేస్తాను. అది 20 గ్రాముల పైచిలుకు. మిగతావి పిల్లలకు, అత్తమ్మకు, పక్కింటివాళ్లకు. ఆ ముక్క భోజనం చివర కళ్లకద్దుకుని తింటారు. ఆ రోజు అన్నంలో రెండు చెంచాలు తగ్గిస్తాను. నేను కొన్నవాటిలో ఎక్కువ ఉపయోగపడింది ఏదంటే ఆ చిన్న డబ్బానే అంటాను. చెనక్కాయల పొట్లం ముందు పెట్టుకుని కూర్చుంటే ఎంత తిన్నదీ తెలియదు. ఈ డబ్బాలో 30 గ్రాముల వేయించిన గింజలు పడతాయి, అయిపోతే అయిపోయినట్టే.

స్టీల్ డబ్బాలకు ఇబ్బందులు లేకపోలేదు. వేడి అన్నం పెట్టి వెంటనే మూత బిగిస్తే, చల్లారాక మూత లోపలికి లాక్కుని ఊడిరాదు. కొంచెం ఆవిరి పోయాక మూత వేయాలి. అలాగని గంటలు గంటలు బయట వదిలేయకూడదు, అన్నం పాడవుతుంది. తినే వేళకు తిండి చల్లబడిపోతుంది, దానికి నా దగ్గర మందు లేదు. వేడిగా తినాలనుకునేవాళ్లు ఇన్సులేటెడ్‌కే పోవాలి, అప్పుడు లోపలి గిన్నెలు ఎంత పడతాయో అడిగి కొనండి. వాటి గోడలు మందం, పైకి కనపడినంత లోపల ఉండదు. వాషర్‌కు పులుసు వాసన పడుతుంది. రోజూ ఊడదీసి కడగాలి, వారానికోసారి ఉప్పూ నిమ్మచెక్కతో రుద్ది ఎండలో ఆరబెడితే పోతుంది.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. సాయంత్రమైతే దర్శనం చేసుకుని దిగొచ్చినవాళ్లతో ఆ రోడ్డు కిక్కిరిసి ఉంటుంది, నీళ్లు పోసి చూసే తీరిక అంగడాయనకూ ఉండదు, మనకూ ఉండదు. బండి పెట్టుకునే చోటు కూడా దొరకదు. వాషర్లు విడిగా అమ్ముతారు, ఒక్కోటి పదిహేను రూపాయలు. డబ్బాలు కొన్నప్పుడే, ఆ సైజువే రెండు అదనంగా అడిగి తీసుకోండి. తర్వాత వెళ్తే అదే కొలత దొరుకుతుందని చెప్పలేం.