వినడమా, మాట్లాడటమా? రెండు సిద్ధాంతాలు

రెండో భాష ఎలా వస్తుంది? మనకు వచ్చినదానికంటే ఒక్క మెట్టు పైనున్న భాషను అర్థమయ్యేలా విన్నా, చదివినా చాలంటారు అమెరికా భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్. అది చాలదని, మాట్లాడాలి, రాయాలి కూడా అని 1985లో కెనడా భాషావేత్త మెరిల్ స్వెయిన్ వాదించారు. కెనడాలో ఏళ్ల తరబడి ఫ్రెంచ్‌లో పాఠాలు విన్న, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకు అన్నీ బాగానే అర్థమయ్యేవి. మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు మాత్రం వ్యాకరణంలో తడబడేవారు.

గుంటూరు బ్రాడీపేటలో నేను ఇంగ్లిష్ చెప్తాను. మొన్న ఒకమ్మాయి "ఐ డిడ్ నాట్ వెంట్" అని ఆగింది. పెదవి కొరుక్కుంది. "గో... డిడ్ నాట్ గో" అని తనే దిద్దుకుంది. ఆ మాట ఎన్నిసార్లు విందో! నోరు తెరిచాకే లోటు తెలిసింది. స్వెయిన్ చెప్పింది సరిగ్గా ఇదే.

సిద్ధాంతంగా చూస్తే క్రాషెన్‌తో నా పేచీ ఒక్కటే. ఆ 'ఒక్క మెట్టు' ఎంతో కొలిచే దారి లేదు. భాష వస్తే మెట్టు సరిపోయిందంటాం, రాకపోతే సరిపోలేదంటాం. ఇక తప్పని తేల్చేదెలా? స్వెయిన్ ఊహను పరీక్షించొచ్చు: ఒక జట్టుతో మాట్లాడించి, ఇంకో జట్టుకు వినిపించి తేడా చూడొచ్చు. అందుకే నా మొగ్గు అటే. అయినా కొత్త బ్యాచ్‌కి మొదటి నెలంతా కథలు చదివి వినిపిస్తాను. అక్కడ మాత్రం క్రాషెన్‌నే నమ్ముతాను.